మెథోట్రెక్సేట్ రాశారు, మందుల షాపులో "క్యాన్సర్ మందు" అన్నారు. రుమటాయిడ్ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి_టీచర్

అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి తర్వాత నుంచి రెండు చేతుల వేళ్ల మొదళ్లు, మణికట్లు వాచి నొప్పిగా ఉంటున్నాయి. పొద్దున లేచి నేల మీద కాలు పెడితే అరికాలి ముందు భాగంలో గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. పిడికిలి బిగుసుకోదు, జడ వేసుకోలేను. పది దాటాక కొంచెం వదులవుతుంది.

ముందు అందరూ చికున్‌గున్యా అన్నారు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ ఇంజెక్షన్ చేస్తే నాలుగు రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మొదలు. చివరికి గుంటూరు వెళ్లి రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టర్) చూపించుకున్నాను. ఈ జబ్బుకి చేసే రక్తపరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ బాగా ఎక్కువ, ఒంట్లో మంటను చూపించే ఈఎస్‌ఆర్ 68. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు, మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద దాడి చేసే జబ్బట. మెథోట్రెక్సేట్ 10 ఎంజీ వారానికి ఒకసారి, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, కొన్ని వారాలకు చిన్న డోసు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాశారు.

షాపులో కుర్రాడు చీటీ చూసి "మేడమ్, ఇది క్యాన్సర్ మందు, ఎవరికి?" అన్నాడు. పక్కన మా అత్తగారు ఉన్నారు. ఇక ఇంట్లో టెన్షన్ చూడండి! మందులు కొన్నాను గానీ ఇంకా మొదలుపెట్టలేదు.

నా అనుమానాలు: ఇంత పెద్ద మందు నిజంగా అవసరమా? నొప్పి మాత్రలతో నెట్టుకొస్తే ఏమవుతుంది? ఇది కీళ్లతోనే ఆగుతుందా? మా అత్తగారికి ఎప్పటి నుంచో మోకాళ్ల నొప్పులు, "నేను ఏం మందులు వాడుతున్నాను, తిరగట్లేదా" అంటున్నారు. రెండూ ఒకటేనా?

గోదారి_అక్క

టీచరమ్మా, మొదలుపెట్టండి. నేను పదిహేనేళ్లకు పైగా అదే మందు మీద ఉన్నాను. కాకినాడలో ఉంటాను. ఇప్పటికీ నా వంట నేనే చేసుకుంటాను, ఆవకాయ కూడా నేనే కలుపుతాను.

క్యాన్సర్‌కి వాడే మాట నిజమే. కానీ అక్కడ ఇచ్చే మోతాదు వేరు. రక్త క్యాన్సర్ లాంటి వాటికి సెలైన్‌లో గ్రాముల లెక్కన కూడా ఎక్కిస్తారు. మనకు రాసేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య. ఆ కొంచెం మోతాదులో అది కణాలను చంపే పని కాదు, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థను తగ్గించే పని చేస్తుంది. అమెరికాలో రుమటాయిడ్‌కి ఈ మందును 1988లోనే అనుమతించారు. ఇన్ని కొత్త మందులు వచ్చినా ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కడైనా డాక్టర్లు మొదట రాసేది ఇదే.

మీ రెండో ప్రశ్నకి నా చెల్లెలే సమాధానం. నా తర్వాత రెండేళ్లకి తనకీ వచ్చింది. "నీలాగా జీవితాంతం మందులు మింగలేను" అని నొప్పి మాత్రలతో నడిపింది. నొప్పి మాత్ర వాపును, పోటును తగ్గిస్తుంది, ఎముక అరగడాన్ని ఆపదు. ఇప్పుడు తన వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. చీర కుచ్చిళ్లు పెట్టుకోలేదు.

మందుల_కొట్టు

ఖమ్మంలో మెడికల్ షాపు నడుపుతాను, ఫార్మసీ చదివినవాడినే. ఆ కుర్రాడి తరఫున సిగ్గుపడుతున్నాను. అతను చెప్పాల్సింది చెప్పలేదు, చెప్పకూడనిది చెప్పాడు.

చెప్పాల్సింది ఇది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. అలా చనిపోయినవాళ్లు ఉన్నారు. చీటీ మీద "వీక్లీ" అని ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకు అర్థం కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు అట్ట మీద స్కెచ్ పెన్నుతో "ఆదివారం" అనో "బుధవారం" అనో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను. మీకు నచ్చిన రోజు పెట్టుకోండి, మార్చకండి. ఒక వారం మరిచిపోతే తర్వాతి వారం రెండు డోసులు కలిపి వేసుకోవద్దు.

ఇంకొకటి. జ్వరమనో, మూత్రంలో మంట అనో ఎవరైనా సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ మాత్ర ఇస్తే, నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం. ఊళ్లో జ్వరానికి అడక్కుండానే ఆ మాత్ర ఇచ్చేస్తుంటారు కాబట్టి మరీ చెబుతున్నాను.

శ్రీకాకుళం_బాబాయ్

అమ్మాయ్, ఈ ఇంగ్లీషు మందులు ఒళ్లంతా వేడి చేస్తాయి, లివర్ పాడవుతుంది. మా మరదలు మంచం మీద నుంచి లేవలేని మనిషి. ఒక పెద్దాయన ఇచ్చిన పొడి తేనెతో తీసుకుంటే మూడో రోజుకి నూతి దగ్గరికి నడిచి వెళ్లింది. నా కళ్లతో చూశాను. పరీక్షల్లేవు, స్కానింగుల్లేవు. [చిరునామా తొలగించబడింది]

మోడరేటర్

మందులు అమ్మేవాళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. అభిప్రాయం ఉంచుతున్నాం.

రుమటో_పీజీ

బాబాయ్ గారూ, మీరు చూసింది అబద్ధం అనను. మూడో రోజుకి లేచి నడవడం నిజంగానే జరుగుతుంది. ఇలాంటిది 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లోనూ జరిగింది. ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్, కదల్లేని స్థితిలో ఉన్న 29 ఏళ్ల రుమటాయిడ్ రోగికి కార్టిజోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకీ, కెండాల్, రైష్టైన్ అనే మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రోగం పోయిందనే అనుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి: ముఖం ఉబ్బడం, షుగర్, ఎముకలు గుల్లబారడం, ఇన్‌ఫెక్షన్లు, మందు ఆపగానే రెట్టింపు నొప్పి.

అది స్టెరాయిడ్. మూడు రోజుల్లో మనిషిని లేపే శక్తి రుమటాయిడ్‌లో దాదాపు దానికే ఉంది. పేరు లేని పొడుల్లో, మాత్రల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలుపుతున్నట్టు పరీక్షల్లో ఎన్నోసార్లు తేలింది. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో టీచర్ గారికి నాలుగు రోజులు హాయిగా ఉండటానికి కారణం కూడా చాలావరకు అదే అయ్యుంటుంది.

మేమూ స్టెరాయిడ్ రాస్తాం. ఎంత ఇస్తున్నామో తెలిసి, మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టేదాకా, అంటే 6 నుంచి 12 వారాలు, ఒడ్డున పడేయడానికి తక్కువ మోతాదులో ఇచ్చి మెల్లగా తగ్గిస్తాం. పొడిలో ఎంత ఉందో ఇచ్చేవాడికీ తెలియదు. ఏడాదిపాటు తిన్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోను సరిపోక బీపీ పడిపోయి ఎమర్జెన్సీకి వస్తారు. కాబట్టి మీ మరదలు గారు ఇంకా ఆ పొడి వాడుతుంటే, దయచేసి రేపే మానేయమని చెప్పకండి. పొడి పొట్లం చేతిలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి. షుగర్, బీపీ, ఎముకల బలం చూసి ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు.

శ్రీకాకుళం_బాబాయ్

అంటే ఆయుర్వేదం మొత్తం కల్తీ అంటారా?

రుమటో_పీజీ

అనలేదండీ. చదువుకుని, బోర్డు పెట్టుకుని, ఏం మందో చీటీ మీద రాసిచ్చే వైద్యుడి గురించి కాదు నేను చెప్పింది. పేరు లేని పొట్లం గురించి. ఆయుర్వేదం వాడదలచుకున్నా, ఈ మందులు ఆపి మాత్రం వద్దు. ఈ జబ్బులో ఎముక అంచులు కొరికేసినట్టు అయ్యే నష్టం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. ఆ రెండేళ్లు ప్రయోగాలకి పోతే తిరిగి రావు.

శ్రీకాకుళం_బాబాయ్

మరదలికి ఈ మధ్య ముఖం గుండ్రంగా వచ్చింది, ఒళ్లు చేసింది అనుకున్నాం. అడుగుతాను.

కరీంనగర్_కోడలు

మా అమ్మ గురించి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని. మాకు తెల్వక చాలా ఏండ్లు వాతం అనుకుని వదిలేసినం. అమ్మ బీడీలు చుట్టేది. వేళ్లు మొద్దుబారితే పని వల్ల అనుకున్నది. అరచేతులు రాత్రిళ్లు తిమ్మిర్లు ఎక్కేవి. మణికట్టులో వాపు నరాన్ని నొక్కడం వల్ల అట్లా అవుతుందని తర్వాత తెలిసింది.

మేం నిమ్స్‌కి తీసుకుపోయేసరికి మోచేతుల దగ్గర గోలీల్లాంటి గట్టి గడ్డలు ఉన్నయి. కండ్లు ఎప్పుడూ ఇసుక పడ్డట్టు మంట అనేది. నోరు ఎండిపోయి అన్నం మింగడానికి ప్రతి ముద్దకీ నీళ్లు కావాలి. ఇవన్నీ వేరే వేరే జబ్బులనుకుని కంటి డాక్టర్ దగ్గరికి ఒకసారి, పంటి డాక్టర్ దగ్గరికి ఒకసారి తిప్పినం. అన్నీ ఒక్క జబ్బు కొమ్మలే అని చెప్పింది అక్కడి డాక్టరమ్మ.

రక్తం తక్కువుందని ఎన్నో ఐరన్ సీసాలు తాగించినం. పెరగలేదు. ఒంట్లో మంట ఎప్పుడూ ఉంటే ఇనుము ఉన్నా శరీరం వాడుకోలేదట. రుమటాయిడ్ అదుపులోకి వచ్చినంక రక్తం దానంతట అదే పెరిగింది.

అన్నిటికన్నా భయపెట్టింది ఊపిరితిత్తులు. మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు గట్టిపడుతున్నయని చెప్పిన్రు. అందుకే మందు మార్చిన్రు, రిటుక్సిమాబ్ సెలైన్‌లో ఎక్కిస్తరు. ఇప్పుడు పర్వాలేదు. ఆక్సిజన్ అవసరం పడలేదు.

ఒక మాట అందరూ గుర్తుంచుకోండి. అమ్మకు మోకీలు ఆపరేషన్ అన్నప్పుడు, మత్తు డాక్టర్ ముందుగా మెడ ఎక్స్‌రే తీయించిండు. ఈ జబ్బు ముదిరితే మెడలో మొదటి రెండు పూసల మధ్య పట్టు వదులవుతుందట. మత్తిచ్చేటప్పుడు మెడ బాగా వెనక్కి వంచితే వెన్నుపాము నలిగిపోవచ్చు. ఏ ఆపరేషన్ అయినా సరే, పంటిదైనా, రుమటాయిడ్ ఉందని మొదటే చెప్పండి.

తెనాలి_టీచర్

చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నాకూ ఇవన్నీ వస్తాయా?

రుమటో_పీజీ

రావాలని ఏమీ లేదు. ఆ అమ్మగారి కథలో అసలు విషయం ఆలస్యం. మీరు కొన్ని నెలల్లోనే వచ్చారు.

లోపల జరిగేది తెలిస్తే భయం కొంచెం తగ్గుతుందని రాస్తున్నాను. కీలు లోపల సైనోవియం అనే పలచటి పొర ఉంటుంది, కీలుకి జారుడు ద్రవం ఇచ్చేది అదే. రోగనిరోధక కణాలు ఆ పొరలోకి గుంపుగా చేరి మంట పెడతాయి. పొర మందమై, మృదులాస్థి మీదకీ ఎముక అంచుల్లోకీ పాకుతుంది. పాత గోడ పగులులో మొలిచిన రావిమొక్క వేళ్లు దించినట్టు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు పీకేస్తే గోడ నిలుస్తుంది.

ఆ మంటను రగిలించే రసాయనాలు, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటివి, కీలులోనే ఉండిపోవు. రక్తంలో తిరుగుతాయి. అందుకే నీరసం, లో జ్వరం, రక్తహీనత. రక్తనాళాల గోడల్లోనూ ఆ మంట పని చేస్తుంది కాబట్టి గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్లకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవడం ఇందులో భాగమే. మంటను అదుపులో పెడితే ఈ ముప్పులు కూడా తగ్గుతాయి. మందు వేళ్ల కోసం మాత్రమే అనుకోకండి.

ఎందుకు వస్తుందంటే ఒక్క కారణం లేదు. కొందరికి పుట్టుకతో వచ్చే జన్యువులు (హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 అనే రకం), వాటి మీద పొగ, చిగుళ్ల జబ్బు లాంటివి తోడవుతాయి. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా పొగే. ఆడవాళ్లలో మగవాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. మీ ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే ఆ మాట కూడా ఇవాళే తేల్చుకోండి.

మీ అత్తగారిది వేరు. వయసుతో కీలు అరిగే ఆస్టియో ఆర్థరైటిస్ మోకాళ్లలో, గోటి పక్కనున్న చివరి కణుపుల్లో ఎక్కువ. పొద్దున పట్టేసినా అరగంటలోపు వదిలేస్తుంది, నడిచేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. రుమటాయిడ్‌లో వేళ్ల మొదటి కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం, రెండు వైపులా. చివరి కణుపులను సాధారణంగా వదిలేస్తుంది. పొద్దున బిగువు గంటకు పైన, కదిలిస్తే తగ్గుతుంది, కూర్చుంటే పెరుగుతుంది. ఆవిడ తిరగగలుగుతున్నారంటే ఆవిడ జబ్బు అలాంటిది కాబట్టి.

విజయనగరం_వాసు

మధ్యలో దూరుతున్నాను. మా నాన్నకి ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చింది, అయినా రుమటాయిడ్ అంటున్నారు. మా పక్కింటాయనకి పాజిటివ్, ఆయనకి నొప్పే లేదు! ల్యాబ్‌లను నమ్మొచ్చా?

రుమటో_పీజీ

రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ రుమటాయిడ్ ఉన్నవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికే పాజిటివ్ వస్తుంది. ఇంకోవైపు, ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లలో, హెపటైటిస్ సి లాంటి ఇన్‌ఫెక్షన్లలో కూడా రావచ్చు. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే ఎక్కువ నమ్మొచ్చు. కాగితం కన్నా ముందు వాచిన కీళ్లను చేత్తో నొక్కి చూసే డాక్టర్ కావాలి.

చికున్‌గున్యా మాట కూడా తీసేయాల్సింది కాదు. 2005 చివర, 2006లో మన ఆంధ్ర జిల్లాల్లో అది ఊళ్లకు ఊళ్లనే పడుకోబెట్టింది. దాని తర్వాత కీళ్ల నొప్పులు నెలల తరబడి, అచ్చం రుమటాయిడ్‌లాగే ఉంటాయి. ముందు జ్వరం ఉందా, దద్దుర్లు వచ్చాయా, ఎన్నాళ్లయింది, ఇవన్నీ చూసే తేలుస్తారు.

పప్పు_ప్రియుడు

తిండి గురించి ఎవరూ చెప్పలేదేంటి? మా ఇంట్లో టమాటా, వంకాయ, చింతపండు, కందిపప్పు, పెరుగు అన్నీ బంద్. నా భార్య ఎండిపోతోంది.

గోదారి_అక్క

ఎవరు మాన్పించారో గానీ వాళ్లని తీసుకొచ్చి ఆ పథ్యం చేయించండి. పప్పు మానమనేది చాలావరకు గౌట్‌తో కలిపేసి చెప్పే మాట. అది యూరిక్ యాసిడ్ జబ్బు, ఎక్కువగా మగవాళ్లకి, రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి. అక్కడ కూడా కందిపప్పు కన్నా మాంసం, లివర్, మద్యంతోనే ఎక్కువ ఇబ్బంది.

రుమటాయిడ్‌కి వంకాయ మానేస్తే తగ్గుతుందని రుజువు లేదు. మీ ఆవిడకి ఏదైనా తింటే ప్రతిసారీ నొప్పి పెరుగుతోందని గమనిస్తే అదొక్కటే మానండి. ఈ జబ్బులో కండ కరిగిపోతుంది, ఎముక పలచబడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు అందుకే కావాలి. మా గోదావరి వాళ్లకి చేప మానమంటే అసలు కుదరదు, ఆ సంగతి వేరే.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మానాల్సింది మద్యం. లివర్ కోసం.

డల్లాస్_పిన్ని

పెళ్లికాని అమ్మాయిలు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటే ఇది కూడా చదవండి. నాకు 27 ఏళ్లప్పుడు వచ్చింది, హైదరాబాద్‌లో ఉండగా. పెళ్లి సంబంధాలప్పుడు అమ్మావాళ్లు దాచమన్నారు. నేను చెప్పాను. ఇద్దరు తప్పుకున్నారు, మూడో ఆయన మా ఆయన.

మెథోట్రెక్సేట్, ఇదే జబ్బుకి వాడే లెఫ్లునోమైడ్ గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు, బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. మెథోట్రెక్సేట్‌ని ముందే ఆపించి, కొన్ని నెలలు గడిచాక ప్రయత్నించమంటారు. లెఫ్లునోమైడ్ ఇంకా మొండిది, ఒంట్లోంచి పోవడానికి చాలా కాలం పడుతుంది, దాన్ని కడిగేయడానికి వేరే మందు ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ కొనసాగించవచ్చు. నన్ను వాటి మీదకి మార్చారు. చాలామందికిలాగే గర్భంలో నాకు నొప్పులు దాదాపు పోయాయి. ప్రసవమయ్యాక మాత్రం దాడి చేసింది. పసిబిడ్డని ఎత్తుకోలేని రోజులు అవి. ముందే తెలిసి ఉంటే అమ్మని ఇంకా ఎక్కువ రోజులు ఉంచుకునేదాన్ని. మీరు ముందే ఏర్పాటు చేసుకోండి.

తర్వాత టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ మీదకి వెళ్లాను. ఇక్కడ ఇన్సూరెన్స్ లేకపోతే దాన్ని ఊహించలేం. ఇండియాలో ఆ విషయంలో అదృష్టవంతులు. దాని బయోసిమిలర్‌ని (వేరే కంపెనీ తయారుచేసే, అలాగే పనిచేసే మందు) 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు అమ్మింది మన జైడస్ కంపెనీ. కరీంనగర్ చెల్లి రాసిన రిటుక్సిమాబ్‌కి మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లోనే సొంత మందు తెచ్చారు. టోఫాసిటినిబ్ అనే మాత్ర కూడా ఇప్పుడు చాలా ఇండియా కంపెనీలు తయారుచేస్తున్నాయి. కానీ అది గుండెజబ్బు, పొగ అలవాటు, రక్తం గడ్డలు ఉన్న పెద్దవాళ్లకి జాగ్రత్తగా ఇవ్వాలని 2021లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చవకగా దొరుకుతోందని షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదు.

ఈ ఇంజెక్షన్లకి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న టీబీని టీఎన్‌ఎఫ్ మందులు లేపుతాయి. మన దేశంలో పెరిగినవాళ్లం కాబట్టి ఇక్కడి డాక్టర్ నన్ను రెండుసార్లు అడిగింది.

వైజాగ్_ఫిజియో

మందుల మాట అందరూ చెప్పారు, నేను చేతుల మాట చెబుతాను. ఇంటి పనిలోనే కీళ్లు ఎక్కువ దెబ్బతింటాయి, ఆడవాళ్లు గమనించరు.

తడి బట్టలు మెలితిప్పి పిండొద్దు. అదే వేళ్లను చిటికెన వేలి వైపు తోసే పని. కొళాయికి వేలాడేసి అరచేతులతో కిందికి ఒత్తండి, లేదా ఎవరినైనా పిండమనండి. కుక్కర్, గిన్నె వేళ్లతో పట్టి ఎత్తకుండా రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తాలి. సంచి వేళ్లకి తగిలించుకోకుండా మోచేతికి వేసుకోండి. సన్న కాడల గరిటెలకి, పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసుకోండి. టీచర్ గారూ, చాక్‌పీస్‌కి ప్లాస్టిక్ హోల్డర్లు దొరుకుతాయి. అది పెట్టుకుంటే బిగించి పట్టాల్సిన పని ఉండదు.

పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి పిడికిలి మూసి తెరవండి. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉన్న రోజున మాత్రం బలవంతంగా వంచొద్దు, మర్దన అసలు వద్దు. ఆ రోజుల్లో మణికట్టు కదలకుండా ఉంచే స్ప్లింట్ కట్టుకుని పడుకుంటే మేలు. వాపు తగ్గాక నడక, కండలకు బలమిచ్చే వ్యాయామం మొదలుపెట్టాలి. "కీళ్లు అరిగిపోతాయి, కదలకు" అని ఇంట్లో కూర్చోబెట్టడం చూస్తుంటాను. కదలకపోతేనే బిగుసుకుపోతాయి.

చీరాల_భర్త

ఇది భర్తలకి. మా ఆవిడ వంట మధ్యలో వదిలేసి పడుకునేది. నొప్పి లేదంటుంది, లేవలేనంటుంది. నాకు అర్థమయ్యేది కాదు. ఈ జబ్బులో నీరసం నొప్పితో సంబంధం లేకుండా వస్తుందని డాక్టర్ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పారు. నిద్రపోతే తీరే అలసట కాదట. మనసు కుంగిపోవడం కూడా ఈ జబ్బుతో ఎక్కువేనట. వీలైతే ఒకసారి డాక్టర్ దగ్గరికి మీ ఆయన్ని, అత్తగారిని కూడా తీసుకెళ్లండి టీచర్ గారూ. మనం చెప్తే వినరు, తెల్లకోటు చెప్తే వింటారు.

బొమ్మల_కొలువు

నేను చిత్రకారుణ్ణి, జబ్బు నాకు లేదు, మా మేనత్తకి ఉంది. ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్‌కి ఇదే జబ్బు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, తుదకు చక్రాల కుర్చీలో కూర్చుని, చర్మం ఒరుసుకోకుండా అరచేతికి గుడ్డ పీలికలు చుట్టించుకుని, ఎవరో కుంచె చేతిలో పెడితే వేసేవాడు. 1919లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. గొప్పగా చెబుతారు ఈ కథ. నాకైతే ఆయన కాలానికి మెథోట్రెక్సేట్ లేకపోయిందే అనిపిస్తుంది.

తెనాలి_టీచర్

అందరికీ ఒక్కసారే చెబుతున్నాను. శనివారం రాత్రి మొదటి డోసు వేసుకున్నాను. మా ఆయన ఈ చర్చ మొత్తం అత్తగారికి చదివి వినిపించారు. ఆవిడ "క్యాన్సర్ కాదు కదా" అని మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. ఇప్పుడు క్యాలెండర్ మీద శనివారాలకి పసుపు బొట్లు పెడుతున్నది ఆవిడే.

ఆదివారమంతా కడుపులో తిప్పినట్టుంది, కాఫీ వాసన పడలేదు. ప్రతి వారం ఇంతేనా? రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో చీటీలో సరిగ్గా అర్థం కాలేదు. కంటి పరీక్ష అని కూడా రాశారు, కళ్లు బాగానే ఉన్నాయి కదా?

గోదారి_అక్క

చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రాత్రి భోజనం చేశాక వేసుకుని పడుకోండి. తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, అదే రోజులో డోసు విడదీస్తారు, లేదా అదే మందు ఇంజెక్షన్‌గా చర్మం కింద ఇస్తారు. అప్పుడు వికారం చాలామందికి తగ్గుతుంది. నేను దానికే మారాను, ఇన్సులిన్‌లాగా నేనే చేసుకుంటాను. వికారమని మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

మందుల_కొట్టు

రక్తపరీక్ష అంటే రక్తకణాలు, లివర్, కిడ్నీల కోసం క్రియాటినిన్ మూడూ. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, డోసు కుదిరాక రెండు మూడు నెలలకోసారి చేయిస్తారు. మీ డాక్టర్ రాసిన తేదీ ఏదో ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. ఫోలిక్ యాసిడ్ మెథోట్రెక్సేట్ రోజున కాకుండా వేరే రోజున రాస్తారు, చీటీ చూసుకోండి.

కంటి పరీక్ష హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం. ఏళ్ల తరబడి వాడితే కొద్దిమందిలో కంటి వెనకుండే పొర, రెటీనా, దెబ్బతింటుంది. మొదటి ఏడాదిలో ఒకసారి చూపించి ఆ కాగితం దాచుకోండి, అయిదేళ్లు దాటాక ఏటా చూపించాలి. చూపు తేడా మీకు తెలిసేలోపే పరీక్షలో కనిపిస్తుంది కాబట్టి కళ్లు బాగున్నప్పుడే వెళ్లాలి.

నోట్లో పుండ్లు, జ్వరం, కొత్తగా పొడి దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ఒంటి మీద కారణం లేకుండా నీలి మచ్చలు: వీటిలో ఏది కనిపించినా శనివారం డోసు వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

శ్రీకాకుళం_బాబాయ్

మరదలికి షుగర్ 280 వచ్చింది. శ్రీకాకుళంలో పెద్ద డాక్టర్ చూశారు. పొడి పొట్లం కూడా చూపించాం. ఒక్కసారిగా ఆపొద్దన్నారు, స్టెరాయిడ్ మాత్ర రాసి వారం వారం తగ్గిస్తామన్నారు. వైజాగ్‌లో రుమటాలజిస్టుకి చీటీ రాసిచ్చారు. పీజీ డాక్టర్ బాబూ, అక్కడికి వెళ్లేటప్పుడు ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలి?

రుమటో_పీజీ

పాత చీటీలు, రక్తపరీక్షలు, చేతుల ఎక్స్‌రేలు ఏవున్నా అన్నీ, తేదీల వరుసలో. ఆ పొట్లం మళ్లీ తీసుకెళ్లండి. పొద్దున ఎంతసేపు పట్టేసి ఉంటుందో, ఏయే కీళ్లు వాచాయో ఒక కాగితం మీద ఆవిడ చేతే చెప్పించి రాయండి. వాపు ఎక్కువగా ఉన్న రోజు పొద్దున్నే చేతులకి ఫోటో తీసి ఉంచండి. వైజాగ్ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, అప్పటికి వాపు తగ్గి కనిపించొచ్చు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందేమో కూడా అడుగుతారు, కనుక్కుని వెళ్లండి.